టబ్బు కింద పాత పేపరు

బైండింగ్ గది నుంచి,
మార్చి 4

మేస్త్రమ్మ అక్కకి,

ఉత్తరం చూసి ఉలిక్కిపడకు, అందరం బాగానే ఉన్నాం. ఫోన్ ఎందుకు చెయ్యలేదో నీకూ తెలుసు. నాన్న పోయి ఏడాది తిరక్కముందే ఆయన రసమట్టం కోసం మనిద్దరం ఫోన్లో కోళ్ళలా కొట్టుకున్నాం. ఆయన పనిసంచీ అంతా నువ్వు తీసుకున్నావు, నేను కాదనలేదు. నేల వాలుందో లేదో బుడగ చూసి చెప్పే ఆ చెక్క మట్టం ఒక్కటీ ఇమ్మన్నాను. "దాంతో నువ్వేం చేస్తావే, గోడకి తగిలించుకుంటావా?" అన్నావు. ఫోన్ పెట్టేశాను. మళ్ళీ ఎత్తనని ఒట్టు కూడా పెట్టుకున్నాను. ఉత్తరం రాయనని మాత్రం పెట్టుకోలేదు.

అసలు సంగతికొస్తాను. మేడ మీద స్నానాలగది కొత్తగా కట్టిస్తున్నాం. అందులో టబ్బు పెడుతున్నాం. గోడకి ఆనించేది కాదు, గది నడిమధ్యన విడిగా నిలబడేది. కోడిగుడ్డుని నిలువునా సగానికి కోసినట్టు ఉంటుంది. చుట్టూ తిరిగి రావచ్చు. ఇక్కడ దొరికిన ప్లంబరు ఇలాంటిది ఎప్పుడూ పెట్టలేదట. ఆయనకి నేను "పర్లేదు" అని పేరు పెట్టాను. నీళ్ళు పోయే గొట్టం ఎక్కడొస్తుందండీ అంటే, "పర్లేదమ్మా, ఎక్కడో చోట వస్తుంది" అంటాడు. మరి పైకెలా ఎక్కిస్తారండీ అంటే, "పర్లేదమ్మా, నలుగురం ఉన్నాం" అంటాడు.

నాకేమో గుండెల్లో రాయి పడినట్టుంది. ఆ టబ్బు కింద సరిగ్గా నా బైండింగ్ గది. స్కూలు లైబ్రరీ పుస్తకాలు నూట ఇరవై, ఒక డాక్టరుగారి తాతగారి డైరీలు పదకొండు, ఒకావిడ వాళ్ళమ్మ చేత్తో రాసుకున్న పద్దెనిమిది నోటు పుస్తకాలు, అన్నీ అక్కడే అట్టలు ఊడి పడుకుని ఉన్నాయి. ఇంకో ప్రతి లేనివి. పైనుంచి చుక్క కారిందంటే నేను ఎవరికీ మొహం చూపించలేను.

గది కొలతలన్నీ గీసి ఇందులో పెట్టాను. నాన్న దగ్గర ఈ గొట్టాల పని నేర్చుకున్నది నువ్వే కదా, ఏం చెయ్యాలో చెప్పు. తిట్టుకుంటూనైనా సరే.

నీ చెల్లి

*

కొత్త హోటల్ పనిచోటు, నాలుగో అంతస్తు,
మార్చి 12

పిట్టకి,

ఉత్తరం అందింది. చదివాక పైపు రెంచి ఎక్కడ పెట్టానో మర్చిపోయి పావుగంట వెతికాను. అది నా చేతిలోనే ఉంది.

ఉన్నమాట చెబుతాను, నాకు కడుపు మండింది. ఇరవై రెండేళ్ళ పనిలో ముప్ఫై ఒక్క టబ్బులు పెట్టాను. రాయిలాంటివి, రేకువి, కాళ్ళున్నవి, లేనివి. ఒక్కదాంట్లోనూ దిగలేదు. పరీక్షకి నీళ్ళు నింపి, మోచేతిదాకా చెయ్యి ముంచి, తీసి ప్యాంటుకి తుడుచుకుని వచ్చేస్తాను. ఇంటికొచ్చి బకెట్టూ మగ్గూ. నా స్నానాలగదిలో మోకాళ్ళు గోడకి తగలకుండా వంగడం కూడా కుదరదు. నీకేమో నడిమధ్యన గుడ్డు!

చిన్నప్పుడూ ఇంతే. ఇంటికంతటికీ ఒక్క బకెట్టు వేణ్ణీళ్ళు. చిన్నపిల్ల, జలుబు చేస్తుందని ముందు నువ్వు. నేను స్కూలయ్యాక నాన్నతో పనికెళ్ళి, మోకాళ్ళదాకా సిమెంటు పూసుకుని వచ్చి తలుపు బయట నిలబడేదాన్ని. "అయిందా పిట్టా? అయిందా?" అని నేను గొంతు చించుకుంటుంటే లోపల నీ పాటలు నీవి. నా వంతొచ్చేసరికి ఆ నీళ్ళు వేణ్ణీళ్ళో చన్నీళ్ళో నాకెప్పుడూ తెలిసేది కాదు.

సరే, విను. చెవిన వేసుకో, ఆ పర్లేదు చెవిలో కూడా వెయ్యి.

టబ్బు, దాన్నిండా నీళ్ళు, అందులో నువ్వు, అంతా కలిపితే అరటన్ను. నీ బొమ్మలో దూలం కిటికీ వైపు ఉంది. టబ్బు ఆ దూలం మీదకి రావాలి, గది అందానికి మధ్యలోకి కాదు. రెండోది, ఎక్కించేముందు మెట్ల మలుపు కొలవాలి. టబ్బు పొడవు చూసి సరిపోతుందనుకుంటారు, మలుపు దగ్గర ఐమూలగా తిప్పాల్సొస్తుంది, అప్పుడు ఇరుక్కుంటుంది. మూడోది చాలా ముఖ్యం. గోడకి ఆనే టబ్బుకైతే గొట్టాలన్నీ పక్క పలక వెనకాల దాక్కుంటాయి, ఎప్పుడైనా పలక తీసి చెయ్యి పెట్టొచ్చు. నీదానికి దాచుకునే చోటే లేదు. గొట్టం, వాసన పైకి రాకుండా నీళ్ళు నిలిచే వంపు, అతుకులు, అన్నీ నేలలోకే పోవాలి. అందుకని నేల ఒక మెట్టు ఎత్తు లేపాలి. ఒకసారి టైల్స్ కప్పేశాక ఆ అతుకుల్ని చూడాలంటే నేల పగలగొట్టడమే.

టబ్బు అడుగు కొలతకి అట్ట కోసి, కన్నం ఎక్కడుందో గుర్తుపెట్టి, నేల మీద పరిచి చూసుకో. రెండు వేళ్ళు తేడా వచ్చినా టబ్బు కూర్చోదు. అట్టలు కొయ్యడం నీకు వేరే చెప్పక్కర్లేదు.

రసమట్టం సంగతి ఎత్తకు. అది నాకు రోజూ కావాలి.

అక్క

*

బైండింగ్ గది నుంచి,
ఏప్రిల్ 2

అక్కా,

నీ ఉత్తరం ఒక్కరోజు ఆలస్యం. అది వచ్చేసరికి టబ్బు మెట్ల మలుపులో ఇరుక్కుని ఉంది!

నలుగురూ మోసుకొచ్చి, మలుపు దగ్గర ఐమూలగా తిప్పారు. అంతే, ఇటు రాదు, అటు పోదు. మీ మరిది పైన ఉండిపోయారు, మేం కింద. ఆయనకేమో ఆఫీసు టైమైపోతోంది. చివరికి బూట్లు చేత్తో పట్టుకుని, ఆ టబ్బులోంచి పాక్కుంటూ, "జాగ్రత్త, గీతలు పడతాయి" అని నేను అరుస్తుంటే దిగొచ్చారు. పర్లేదు మాత్రం గోడకి జారబడి "పర్లేదమ్మా, గోడ కాస్త చెక్కుదాం" అన్నాడు. నాకు తలప్రాణం తోకకొచ్చింది. సాయంత్రానికి దాన్ని వెనక్కి దింపి, కిటికీ చట్రం ఊడదీసి, తాళ్ళు కట్టి బయటినుంచి లాగారు. వీధివీధంతా నిలబడి చూసింది.

అట్ట కోశాను. బైండింగు అట్టలు నాలుగు అతికించి, అడుగు ఆకారం దించి, కన్నం తీసి పరిచాను. పర్లేదు వేసిన గొట్టం నాలుగు వేళ్ళు పక్కకొచ్చింది. మొదటిసారి ఆయన నోట పర్లేదు రాలేదు. ఊడదీసి మళ్ళీ వేస్తున్నాడు. దూలం మాట చెబితే మీ మరిది మూతి ముడుచుకున్నారు, మధ్యలో ఉంటేనే అందం అని. తర్వాత ఒప్పుకున్నారు. "ఇలాంటి టబ్బు మీ అక్కగారు ఎప్పుడూ చూసి ఉండరులే, భయపడుతున్నారు" అన్నారు. ముప్ఫై ఒకటి పెట్టిందని చెప్పాను. నమ్మినట్టు లేదు.

నేను నిన్న ఉత్తి టబ్బులో ఓసారి కూర్చుని చూశాను. కాళ్ళు బారజాపినా ఇంకా జానెడు మిగిలింది. కిటికీలోంచి ఎదురింటి మేడ మీద ఆరేసిన దుప్పట్లు కనిపిస్తాయి. హాయిగా ఉందే అక్కా, అబద్ధమెందుకు.

కడుపు మండిందన్నావు. నాకూ మండిన రోజులున్నాయి, ఎప్పుడైనా చెబుతాను.

ఇంకేం చూసుకోవాలి? టైల్స్ కప్పేలోపు నాన్న ఇంకేమైనా చేసేవాడా?

పిట్ట

*

హోటల్, ఐదో అంతస్తు,
ఏప్రిల్ 11

టబ్బు యజమానురాలికి,

మరిదిగారికి నా నమస్కారాలు. ఇలాంటి టబ్బులు నేను చూడలేదు నిజమే. వాటి కింద పడుకుని పనిచేస్తాను కాబట్టి నాకు కనిపించేది అడుగు మాత్రమే.

మిగిలిన సంగతులు ఇవీ. స్నానాలగది నేల నీళ్ళు పోవడానికి వాలుగా ఉంటుంది, టబ్బు మాత్రం మట్టంగా ఉండాలి. కాబట్టి టబ్బు కిందున్న మరకాళ్ళు, అంటే స్క్రూలా తిప్పితే ఎత్తు మారే కాళ్ళు, తిప్పి సర్దాలి. లేకపోతే నీళ్ళన్నీ ఒక మూలకి చేరి ఎప్పటికీ ఖాళీ అవ్వవు. కుళాయి గోడ మీద కాదు కదా, నేలలోంచి నిలువుగా లేస్తుంది. దాని అడుగు టైల్ మీద బిగిస్తే మూడు నెలల్లో ఊగుతుంది. కింద కాంక్రీటులో బిగించాలి. టబ్బుకీ గోడకీ మధ్య చీపురు పట్టేంత సందు వదలాలి, లేకపోతే అక్కడ చేరిన మురికిని చూస్తూ స్నానం చెయ్యాలి. మీ ఇంట్లో ఉన్న గీజరు ఆ టబ్బుకి పాదాలు తడపడానికి కూడా చాలదు. పెద్దది పెట్టించండి. లేకపోతే అంత గొప్ప టబ్బులో గోరువెచ్చటి నీళ్ళే. ఆ రుచి నాకు తెలుసు, నీకు అలవాటు లేదు.

నాన్న చేసేవన్నీ చెప్పేశాను. ఇంకేమీ లేదు. టైల్స్ వేయించేసుకో.

అక్క

*

బైండింగ్ గది నుంచి,
ఏప్రిల్ 20

అక్కా,

మీ మరిది మాటకి నీకు కోపమొచ్చింది, నాకు తెలుస్తోంది. ఆ మాట నీకు రాయకుండా ఉండాల్సింది. రాసేటప్పుడు నవ్వుతూ రాశాను. చదివేటప్పుడు నవ్వు కనబడదు కదా.

గొట్టాలు కలిపారు. నేల గాడిలో ఐదు అతుకులు, వరసగా. గీజరు పెద్దది తెచ్చాం. టైల్స్ మేస్త్రీ వచ్చే సోమవారం కాక ఆ పై సోమవారం, అంటే మే మూడున దిగుతాడు. ఆ తర్వాత అంతా కప్పెట్టేయడమే.

ఇంకొక్కసారి అడుగుతున్నాను, విసుక్కోకు. అతుకులు వేశాక, టైల్స్ కప్పకముందు, నాన్న ఇంకేమైనా చేసేవాడా? కాస్త గుర్తు చేసుకో. కింద పుస్తకాలున్నాయి.

పిట్ట

*

హోటల్, ఐదో అంతస్తు,
ఏప్రిల్ 29

పిట్టా,

ఆపు. టైల్స్ వెయ్యనివ్వకు. ఒకవేళ మొదలుపెట్టేసి ఉంటే పగలగొట్టించు, మరిదిగారు నన్ను ఎన్ని తిట్టినా సరే. నిన్నట్నుంచి నాలుగుసార్లు ఫోన్ చేశాను, ఎత్తలేదు. అందుకని కొరియర్‌లో పంపుతున్నాను.

నాన్న ఇంకో పని చేసేవాడు. గొట్టం చివర బిరడా కొట్టి, నిండా నీళ్ళు పోసి, ఒక్కో అతుకు కింద పాత పేపరు ముక్క పరిచి, ఎగరకుండా రాయి పెట్టేవాడు. ఒక రోజంతా కదిలించేవాడు కాదు. "చేత్తో తడిమితే చెమటో నీళ్ళో తెలీదే, పేపరుకి తెలుస్తుంది" అనేవాడు. పేపరు చూడకుండా ఒక్క టైలు కూడా వెయ్యనిచ్చేవాడు కాదు, ఇంటివాళ్ళు ఎంత తొందరపెట్టినా. ముప్ఫై ఒక్క టబ్బులకీ నేను అదే చేశాను.

మర్చిపోయి రాయకపోవడం కాదు. మొదటి ఉత్తరంలో నాలుగో సంగతిగా రాశాను కూడా. రాసి, చూసి, ఆ కాగితం చింపేసి, కొత్తది తీసుకుని ఆ ముక్క లేకుండా మొత్తం ఎత్తి రాశాను. రెండోసారి అడిగావు, ఏమీ లేదన్నాను. మూడోసారి అడిగావు, తొమ్మిది రోజులు జవాబే రాయలేదు.

ఎందుకంటే నీ బైండింగ్ గది పైకప్పు మీద ఒక మరక చూడాలనిపించింది. పెద్దది కాదు, అరచేతంత. అప్పుడు నువ్వు "అక్కా, వచ్చి చూడవే" అంటావు. నేను సంచీ భుజాన వేసుకుని వస్తాను. మరిదిగారు పక్కకి తప్పుకుని నాకు దారిస్తారు. మీ ఇంట్లో ఒక్కసారి నేను మేస్త్రీనై నిలబడతాను. ఇదీ నా ఊహ. పుస్తకాల సంగతి గుర్తులేక కాదు, బాగా గుర్తుంది.

నిన్న ఇక్కడ ముప్ఫై రెండో టబ్బు గొట్టం కలిపాను. అలవాటుగా పేపరు చింపి అతుకు కింద పెట్టి, దానిమీద రాయి పెట్టబోయాను. చెయ్యి ఆగిపోయింది. ఎవరో ముక్కూమొహం తెలియనివాళ్ళు దొర్లే టబ్బుకి పేపరు పెడుతున్నాను, నా చెల్లెలికి పెట్టమని చెప్పలేదు. రాయి వదిలేసి, అక్కడే గాడి పక్కన కూర్చుని నీకు ఫోన్ కలిపాను. నా మీద నాకే అసహ్యం వేసింది.

ఛీ అనాలనిపిస్తే అను. ముందు పేపర్లు పెట్టు.

అక్క

*

బైండింగ్ గది నుంచి,
మే 2

అక్కా,

టైల్స్ వెయ్యలేదు. రేపు రావాల్సిన మేస్త్రీని ఇంకో వారం ఆగమన్నాను. ఆయన విసుక్కున్నాడు, మీ మరిది నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు. నేల తెరిచే ఉంది. అతుకుల కింద పేపర్లు పన్నెండు రోజులుగా ఉన్నాయి. నీకు ఏప్రిల్ ఇరవైన ఉత్తరం రాసి, పోస్టులో వేసొచ్చి, గొట్టానికి బిరడా కొట్టి, నీళ్ళు నింపి, అప్పుడే పెట్టాను.

పేపరు సంగతి నాకు తెలియదనుకున్నావా?

నాన్నకి దగ్గరి చూపు ఆనేది కాదు. కళ్ళజోడు పెట్టుకుంటే ముసలాడినయ్యానంటారని పెట్టుకునేవాడు కాదు, ఎవరికీ చెప్పేవాడూ కాదు. నువ్వు స్నానానికి వెళ్ళగానే అతుకు నంబర్లు వేసి తెచ్చిన పేపర్లు సంచీలోంచి తీసి, నా ఒళ్ళో పడేసేవాడు. నేను కిటికీ దగ్గర వెలుతురుకి పట్టుకుని చూసేదాన్ని. తడి ఆరిపోయినా అంచున సన్నటి గీత మిగులుతుంది. "రెండోది, నాన్నా" అనేదాన్ని. మర్నాడు మీరిద్దరూ వెళ్ళి రెండో అతుకు బిగించి వచ్చేవాళ్ళు. వచ్చాక, "ఇవాళ మన పెద్దది ఎంత బాగా బిగించిందో" అని ఇల్లంతా వినబడేలా చెప్పేవాడు. అది పట్టుకున్నది నేనని ఒక్కరోజూ ఎవరితోనూ అనలేదు. నన్నూ పనికి తీసుకెళ్ళమంటే, "నువ్వు చిన్నదానివే, నీళ్ళు చల్లారిపోతాయి, స్నానానికెళ్ళు" అనేవాడు.

నా కడుపుమంట అదీ. నువ్వు వేణ్ణీళ్ళ గురించి ఏడ్చావు. ఆ బకెట్టు నీకిచ్చేసి, నీ సిమెంటు మోకాళ్ళు నేను తీసుకునేదాన్ని. లోపల పాటలు పాడింది నిన్ను ఉడికించడానికే. రసమట్టం అడిగింది గోడకి తగిలించుకోవడానికి కాదు. ఆయన పనిలో నాకూ భాగం ఉందని ఎవరైనా ఒక్కరు అనుకోవాలని.

నీ మొదటి ఉత్తరం చదివినప్పుడే చూశాను, పేపరు లేదు. మర్చిపోయిందేమో అనుకున్నాను. అడిగాను. ఏమీ లేదన్నావు. అప్పుడు అర్థమైంది. మళ్ళీ అడిగాను, నీకు ఇంకో అవకాశం ఇవ్వాలని. ఫోన్ నాలుగుసార్లు మోగింది, పక్కనే కూర్చుని విన్నాను. ఫోన్లో అయితే నన్నే నాలుగు తిట్టి, మధ్యలో ఆ మాట కలిపేస్తావు. నాకది కాగితం మీద కావాలి.

నువ్వు రాయకపోయి ఉంటే ఏం చేసేదాన్నో కూడా చెబుతాను. అతుకు నేనే మార్పించుకుని, టైల్స్ వేయించుకుని, ఇంక నీకు జన్మలో ఉత్తరం రాసేదాన్ని కాదు. నిర్ణయించేసుకున్నాను కూడా.

కోపం పోలేదు. పోయిందని రాస్తే అబద్ధం. కానీ కొరియర్ అబ్బాయి దగ్గర సంతకం పెట్టి, గుమ్మంలోనే నిలబడి కవరు చింపాను.

మూడో అతుకు కారుతోంది. పర్లేదుకి చూపిస్తే, "పర్లేదమ్మా, టైల్స్ బరువుకి అదే సర్దుకుంటుంది" అన్నాడు. ఆ పేపరు ఇందులో పెట్టాను. నువ్వు చూడాలనుకున్న మరక ఇదే. అరచేతంత కూడా లేదు. పైకప్పు మీద కాకుండా పేపరు మీద పడింది, అంతే తేడా.

అక్కా, వచ్చి చూడవే.

పిట్ట

*

ఇంటి నుంచి,
మే 6

పిట్టా,

శనివారం పొద్దున్న దిగుతున్నాను. మూడో అతుకుని ఎవ్వరూ ముట్టుకోకూడదు. ముఖ్యంగా పర్లేదు.

ఆ పేపరు చూశాను. మొదటిసారి నాకేం కనబడలేదు. కిటికీ దగ్గరికెళ్ళి, వెలుతురుకి పట్టుకుని, అటూ ఇటూ తిప్పితే అప్పుడు కనబడింది నీ సన్నగీత. ఇన్నేళ్ళూ అవన్నీ నాన్న కళ్ళే పట్టుకున్నాయనుకున్నాను. నేను బిగించిన ప్రతి అతుకూ నువ్వు చెబితే బిగించిందే అని ఈ వయసులో తెలిసింది. ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది, అందుకే ఈ ఆలస్యం. ఇప్పటికీ కాస్త మండుతోంది.

రసమట్టం తెస్తున్నాను. అతుకు నేను బిగిస్తాను, పేపరు నువ్వు చూడు. టబ్బు దింపాక మట్టం కూడా నువ్వే చూడు, బుడగ మధ్యలోకి వచ్చిందని నువ్వు చెప్పేదాకా నేను మరకాళ్ళు తిప్పుతూనే ఉంటాను. మరిదిగారిని కూడా పక్కన నిలబెట్టు, ఎవరేం చేశారో చూస్తారు. మట్టం తిరిగి నాతో పట్టుకెళ్తానో లేదో ఇప్పుడే చెప్పను. ఆశలు పెట్టుకోకు.

నేను చేసింది చిన్న తప్పు కాదు. ఎదురుగా వచ్చి చెబుతాను, కాగితం మీద ఒకసారి సరిపోదు.

ఇంకో మాట. టైల్స్ ఆరేదాకా అక్కడే ఉంటాను, సెలవు పెట్టాను. ఆ టబ్బులో మొదటి స్నానం నాది. ఇందులో వాదన లేదు. గీజరు పూర్తిగా కాగాలి, నీళ్ళు ఒళ్ళు చురుక్కుమనాలి. నేను లోపల గడియ పెట్టుకుని, కాళ్ళు బారజాపుకుని, నాకొచ్చిన పాటలన్నీ పాడతాను. నువ్వు తలుపు బయట నిలబడి "అయిందా అక్కా? అయిందా?" అని గొంతు చించుకోవాలి.

నేను పలకను.

అక్క